ఉబ్బసము: వంశమా? పరిసరములా?

మృగశిర కార్తె ప్రవేశించేనాడు హైదరాబాదులో చేపమందు కోసము జనము బారులు తీరుట ఎన్నో ఏండ్లుగా పత్రికలలో చూస్తున్నదే. ఆ బారులలో తల్లుల భుజముల మీద పసిపిల్లలు కూడా ఉంటారు. ఆ మందుకు గుణమున్నదని శాస్త్రీయముగా ఋజువు కాలేదు. కాని ఉబ్బసము ఎంతమందిని వేధిస్తున్నదో తెలియుటకు ఆ దృశ్యము చాలును.

బిడ్డకు మొదటిసారి పిల్లికూతలు వచ్చిన రాత్రి ఇంటిలోని పెద్దలు వేసే ప్రశ్నలు సాధారణముగా రెండే. "మీవాళ్లలో ఎవరికైనా ఉన్నదా?" అనేది ఒకటి. "వీడికి ఏమి పడలేదు?" అనేది రెండవది. మొదటి ప్రశ్న వంశమును వెదకుతుంది, రెండవది పరిసరములను వెదకుతుంది. చిత్రమేమంటే, గత నూట యాభై ఏండ్లలో వైద్యశాస్త్రము వేసుకొన్న ప్రశ్నలు కూడా ఇవే. మొదటి ప్రశ్న వెనుక తరచుగా ఒక నింద దాగి ఉంటుంది. ఆ నింద కూడా శాస్త్రచరిత్రలోకి ఎక్కినది.

ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోయే సన్నని గొట్టముల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరములు బిగిసి, లోపల జిగురు పేరుకొని, ఊపిరి విడుచుట కష్టమగుటే ఉబ్బసము. దీనిని మన ప్రాచీన వైద్యులు బాగా ఎరుగుదురు. చరక సంహిత దీనిని "తమక శ్వాస" అన్నది. దుమ్ము, పొగ, గాలి శ్వాసరోగములను రేపుతాయని, మబ్బు పట్టినప్పుడు, చలి వేసినప్పుడు, తూర్పుగాలి వీచినప్పుడు తమక శ్వాస హెచ్చుతుందని అందులో ఉన్నది. కొత్తగా వచ్చినప్పుడు కుదురుతుందని, ముదిరిన తరువాత అణచి ఉంచుటయే గాని నిర్మూలించుట సాధ్యము కాదని కూడా చరకుడు చెప్పాడు. నేటి వైద్యుడు చెప్పేది దీనికి మరీ దూరము కాదు.

ఐరోపాలో ఈ వ్యాధిని శ్రద్ధగా వర్ణించినవారిలో పలువురు స్వయముగా ఉబ్బసపు రోగులే. హెన్రీ హైడ్ సాల్టర్ అనే లండను వైద్యుడు తన అనుభవమును, తన రోగుల అనుభవమును కలిపి 1860లో ఒక పెద్ద గ్రంథము ప్రచురించాడు. వ్యాధి కొన్ని కుటుంబములలో తరతరములుగా వస్తున్నదని ఆయన గమనించాడు. పిల్లి దగ్గరకు వస్తే ఉబ్బసము రేగుతుందని కూడా వ్రాశాడు. పల్లెలో ఊపిరాడని రోగులు కొందరు లండను పొగలోకి రాగానే తేరుకొన్నారని ఆయన చెప్పినప్పుడు, అది వింత కథగానే అనిపించి ఉండవచ్చును. పొగ మందు కాదు. పల్లెలో వారికి పడని వస్తువు ఏదో నగరములో లేకపోయి ఉంటుంది.

ఆ "పడని వస్తువు"ను పట్టుకొన్న వారిలో ముఖ్యుడు మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ హారిసన్ బ్లాక్లీ. ప్రతి వేసవిలోను ఆయనకు తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారుట తప్పేవి కావు. ఈ వ్యాధికి హే ఫీవర్ అని పేరు. హే అంటే ఎండుగడ్డి. ఎండ వలన అని కొందరు, గడ్డి వాసన వలన అని కొందరు అంటూ ఉండగా, బ్లాక్లీ తన శరీరమునే ప్రయోగశాలగా చేసుకొన్నాడు. గడ్డిపూల పుప్పొడిని ముక్కులో వేసుకొన్నాడు, చర్మము గీరి దానిపై రుద్దుకొన్నాడు. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు కట్టి పైకి పంపి, ఎంత ఎత్తున ఎన్ని పుప్పొడి రేణువులు ఉన్నవో లెక్కించాడు. పుప్పొడియే కారణమని ఆయన 1873లో ప్రకటించాడు.

కాని ఆ పుస్తకములోనే ఆయనను తికమక పెట్టిన సంగతి మరొకటి ఉన్నది. పుప్పొడియే కారణమైతే, పొద్దుగూకులూ గడ్డి కోసే రైతులకు ఈ వ్యాధి అందరికన్న ఎక్కువగా రావలెను. వచ్చుట లేదు సరికదా, అది ఎక్కువగా చదువుకొన్న ఉన్నత కుటుంబములలోనే కనిపిస్తున్నది. అంతకుముందే, 1828లో, జాన్ బోస్టాక్ అనే వైద్యుడు కూడా ఇది మధ్య, ఉన్నత తరగతుల వ్యాధియే అని వ్రాసి ఉన్నాడు. బ్లాక్లీ రెండు సమాధానములు ఊహించాడు. చదువు సంస్కారముల వలన కలిగే ఒక సుకుమార స్వభావము రైతులలో లేకపోవుట ఒకటి. నిరంతరము పుప్పొడిలో మెలగుటచేత వారి శరీరము దానికి అలవాటు పడిపోవుట రెండవది. మొదటి ఊహను నేడు ఎవరూ పట్టించుకోరు. రెండవది మాత్రము నూరేండ్లకు పైగా ఎవరూ తెరవని పెట్టెలో ఉండిపోయినది.

ఎందుకనగా ఇరవయ్యవ శతాబ్దము మొదట వంశము వైపు మొగ్గినది. 1906లో వియన్నాలోని పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే "ఎలర్జీ" అనే పదమును సృష్టించాడు. పది ఏండ్ల తరువాత న్యూయార్కులో రాబర్ట్ కుక్, ఆల్బర్ట్ వాండర్ వీర్ అనే వైద్యులు 504 మంది రోగుల కుటుంబ చరిత్రలను సేకరించారు. వారిలో నూటికి 48 మందికి పైగా తమ పెద్దలలో ఇటువంటి వ్యాధి ఉన్నదని చెప్పారు. ఆరోగ్యవంతులలో అట్లా చెప్పినవారు నూటికి 15 మందికి మించలేదు. తల్లి వైపు, తండ్రి వైపు రెండింటా ఉన్నచో వ్యాధి చిన్నతనములోనే బయటపడుతున్నది. ఇంతకన్న విలువైన మాట మరొకటి వారు చెప్పారు: బిడ్డకు సంక్రమించేది ఫలానా వస్తువు పడకపోవుట కాదు, ఏదో ఒకటి పడకుండా పోయే తత్త్వము మాత్రమే. తండ్రికి గుర్రము పడకపోతే కొడుకుకు కోడిగుడ్డు పడకపోవచ్చును. ఈ తత్త్వమునకు 1923లో కుక్, ఆర్థర్ కోకా కలిసి గ్రీకు భాష నుంచి "అటోపీ" అనే పేరు తెచ్చారు.

అయితే ఒక కుటుంబమువారు రక్తమును మాత్రమే పంచుకోరు, ఇంటిని కూడా పంచుకొంటారు. ఒకే పొయ్యి పొగ, ఒకే పరుపు, ఒకే పిల్లి. ఈ చిక్కును 1916 నాటి లెక్కలు విప్పలేవు.

ఈలోగా ఆ మొదటి ప్రశ్నలోని నింద మరొక రూపము ధరించినది. 1930ల తరువాత అమెరికాలో మనస్తత్త్వ శాస్త్రము ప్రబలినది. చికాగోలోని థామస్ ఫ్రెంచ్, ఫ్రాంజ్ అలెగ్జాండర్ 1941లో ఉబ్బసపు మూలములు మనస్సులో ఉన్నవని, బిడ్డకు తల్లితో గల చిక్కుబడిన అనుబంధమే ప్రధానమని వివరించారు. పిల్లికూత అంటే తల్లి కోసము ఏడ్వలేక అణచుకొన్న ఏడుపు అన్నమాట! ఈ అభిప్రాయముతో సంబంధము ఉన్న చికిత్స ఒకటి ఆనాడు పేరు పొందినది. ముర్రే పెష్కిన్ అనే వైద్యుడు, మందులకు లొంగని పిల్లలను తల్లిదండ్రుల నుంచి నెలల తరబడి, కొందరిని రెండేండ్ల దాకా, వేరుచేసి ఉంచవలెనన్నాడు. శస్త్రచికిత్సలో గవదలను కోసి తీసినట్లు బిడ్డ నుంచి తల్లిదండ్రులను "తీసివేయుట" అనే అర్థము వచ్చే పేరు కూడా దానికి పెట్టాడు. అమెరికా నలుమూలల నుంచి పిల్లలను డెన్వరు నగరములోని ఒక ఆశ్రమమునకు పంపేవారు. అక్కడ పలువురు తేరుకొన్నారు. అది చూసి, తప్పు తల్లులదే అనుకొన్నవారు ఉన్నారు.

కాని డెన్వరుకు వెళ్లిన బిడ్డ తల్లిని మాత్రమే విడిచి వెళ్లలేదు. తన పరుపును, తలగడను, ఇంటి దుమ్మును, ఇంటిలోని సిగరెట్టు పొగను కూడా విడిచి వెళ్లాడు. డెన్వరు ఎత్తయిన పొడి ప్రదేశము. 1960లలో హాలెండులోని లైడెన్ నగరములో వూర్‌హార్స్ట్, స్పీక్స్‌మా అనే శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఇంటి దుమ్ములో మనవారికి పడని వస్తువు చాలావరకు కంటికి కనిపించని ఒక పురుగు నుంచి వస్తుందని తేల్చారు. పరుపులలో కాపురముండే ఈ పురుగుకు చెమ్మగాలి లేకపోతే బ్రతుకు సాగదు. 1969లో కెనెత్ పర్సెల్ బృందము ఈ ముడిని విప్పుటకు ఒక తెలివైన పరీక్ష చేసినది. బిడ్డను ఇంటిలోనే ఉంచి, కుటుంబమును రెండు వారములు హోటలుకు పంపినది. ఇల్లు అదే, దుమ్ము అదే, మనుషులు మాత్రము లేరు. కొందరు పిల్లలకు వ్యాధి తగ్గినది, తక్కినవారికి అంతగా తగ్గలేదు. ఉద్వేగము కొందరిలో వ్యాధిని రేపగలదనుట నిజమే. అది వ్యాధిని పుట్టించినదనుటకు మాత్రము ఆధారము దొరకలేదు.

ఇందులో ఒక విచిత్రమున్నది. తల్లులపై పడిన నింద తేలిపోవుటకు సాయపడిన కనుగోలు ఆ డెన్వరు ఆశ్రమమునుంచి ఎదిగిన పరిశోధనాలయములోనే జరిగినది. 1921లోనే జర్మనీలో కార్ల్ ప్రాస్‌నిట్జ్, చేపలు పడని తన సహచరుడు హైన్జ్ క్యూస్ట్‌నర్ రక్తములోని సీరమును తన చర్మములోనికి ఎక్కించుకొని, ఆ చోట చేపసారము ఎక్కించుకొంటే తనకూ దద్దురు లేచినదని చూపాడు. అనగా, పడకపోవుట రక్తములోని ఒక పదార్థము ద్వారా ఒకరి నుంచి ఇంకొకరికి పోగలదు. ఆ పదార్థమును జపాను దంపతులు కిమిషిగె, తెరుకొ ఇషిజాకాలు డెన్వరులో 1966లో పట్టుకొన్నారు. అదే కాలమున స్వీడనులో యోహాన్‌సన్, బెన్నిష్ అనేవారు వేరొక దారిలో ఆ పదార్థమునే చేరుకొన్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబులిన్ ఇ అని పేరు స్థిరపడినది. పుప్పొడియో, దుమ్ముపురుగో తగిలినప్పుడు ఈ పదార్థము కొన్ని కణములను రెచ్చగొట్టి, అవి విడిచే రసాయనములచేత శ్వాసనాళములు బిగిసిపోవునట్లు చేస్తుంది. తల్లి గారాబమునకు, ఈ రసాయన క్రియకు పొత్తు కుదర్చుట కష్టము.

వంశపు లెక్క తేల్చుటకు కవలల కన్న మంచి సాక్షులు లేరు. ఒకే అండము నుంచి పుట్టిన కవలలకు జన్యువులన్నీ దాదాపు ఒకటే. వేరువేరు అండముల నుంచి పుట్టినవారు మామూలు తోబుట్టువుల వంటివారు. 1971లో స్వీడనులో దాదాపు 7,000 జతల కవలల సమాచారము ప్రచురితమైనది. ఏకాండ కవలలలో ఒకరికి ఉబ్బసము ఉంటే రెండవవారికి కూడా ఉండుట నూటికి 19 జతలలో, ద్వ్యండ కవలలలో నూటికి 5 జతలకు లోపుగాను కనిపించినది. వంశము లెక్కలోనిదే. అయితే ఈ అంకెలను అటువైపు నుంచి కూడా చదువవచ్చును. ఒకే జన్యువులు, ఒకే ఇల్లు ఉండి కూడా నూటికి 81 జతలలో ఒకరికి వ్యాధి వచ్చినది, రెండవవారికి రాలేదు.

1989వ సంవత్సరము ఈ కథలో మలుపు. ఆక్స్‌ఫర్డులో విలియం కుక్సన్, జూలియన్ హాప్కిన్ అనేవారు అటోపీ తత్త్వమునకు 11వ క్రోమోసోముపై చోటు గుర్తించామని ఆ ఏడు ప్రకటించారు. "ఉబ్బసపు జన్యువు" దొరికినదనే ఉత్సాహము పుట్టినది. కాని తక్కిన పరిశోధనశాలలలో కొన్నింటికి అది కనిపించినది, కొన్నింటికి కనిపించలేదు. అదే ఏడాది నవంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డేవిడ్ స్ట్రాకన్ ప్రచురించిన రెండు పేజీల వ్యాసము అంత ఆర్భాటము లేకుండానే వచ్చినది. 1958 మార్చిలో ఒకే వారములో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లలను ఇరవైమూడేండ్ల వయస్సు వరకు గమనించిన వివరములు అందులో ఉన్నవి. అన్నలు, అక్కలు ఎంత ఎక్కువ మంది ఉంటే హే ఫీవర్ అంత తక్కువ! పెద్ద పిల్లలు బడి నుంచి తెచ్చే పడిశములు, దగ్గులు చిన్నవారిని కాపాడుతున్నవేమో అని స్ట్రాకన్ ఊహించాడు. బ్లాక్లీ మూసిపెట్టిన పెట్టె ఇక్కడ తెరుచుకొన్నది.

దీనికి తొమ్మిది రోజుల ముందు, నవంబరు 9న, బెర్లిను గోడ పడిపోయినది. ఆ గోడకు ఇరువైపుల ఉన్నవారు ఒకే జాతి, ఒకే వంశము, ఒకే భాష. నలభై ఏండ్ల రాజకీయము వారిని విడదీసినది. పిల్లల వైద్యురాలు ఎరికా ఫాన్ మూటియస్ ఈ అవకాశమును గుర్తించింది. తూర్పున లైప్జిగ్, హాలె నగరములు గోధుమరంగు బొగ్గు పొగతో, గంధకపు ఆవిరులతో నిండి ఉండేవి. పశ్చిమాన మ్యూనిక్ పరిశుభ్రమైన సంపన్న నగరము. తూర్పు పిల్లలకే ఉబ్బసము ఎక్కువ ఉండవలెనని అందరూ అనుకొన్నారు, ఆమె కూడా అట్లాగే అనుకొన్నది. 9 మొదలు 11 ఏండ్ల పిల్లలు ఏడు వేలకు పైగా పరీక్షలో చేరారు. ఫలితము తలక్రిందులుగా వచ్చినది. శ్వాసనాళముల వాపు, దగ్గు తూర్పున ఎక్కువే. కాని ఉబ్బసము పశ్చిమాననే ఎక్కువ, హే ఫీవర్ మూడింతలు. ఏదో ఒక వస్తువు పడదని చర్మపరీక్షలో తేలినవారు పశ్చిమాన నూటికి 37 మంది, తూర్పున 18 మంది. 1995-96లో లైప్జిగ్‌లో మళ్లీ పరీక్షించినప్పుడు తూర్పు పిల్లలలో కూడా హే ఫీవర్ రెట్టింపు దాటినది. ఉబ్బసము మాత్రము అప్పటికింకా పెరగలేదు. నాలుగైదు ఏండ్లలో జన్యువులు మారవు.

మురికియే మందు అని దీని అర్థము కాదు. పొయ్యి పొగ, సిగరెట్టు పొగ, మోటారు వాహనముల పొగ పిల్లల ఊపిరితిత్తులను చెరుస్తాయి. ఇందులో సందేహము లేదు. లాటిన్ అమెరికాలోని పేద బస్తీలలో మురికికి కొదువ లేదు, ఉబ్బసమునకూ కొదువ లేదు. కాబట్టి కాపాడేది ఏదో ప్రత్యేకముగా ఉండవలెను. స్విట్జర్లాండులోని గ్రాబ్స్ గ్రామములో బడిపిల్లలను పరీక్షించే వైద్యుడు మార్కస్ గాస్నర్, రైతుల పిల్లలకు హే ఫీవర్ దాదాపు రాకపోవుట గమనించాడు. బ్లాక్లీ చూసినదే ఇది. 1999లో స్విట్జర్లాండులో జరిగిన పరిశీలన ఆయన మాటను బలపరచినది. 2001లో ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండు పల్లెల నుంచి మరొక ఫలితము వెలువడినది. పుట్టిన మొదటి ఏడాదిలోనే పశువుల కొట్టములో తిరిగి, ఆ ఇంటి పాలు త్రాగినవారిలో ఉబ్బసము నూటికి ఒకరికి. ఇవే ఏడాది దాటిన తరువాత అలవాటైనవారిలో నూటికి 11 మందికి. (కాచని పాలు పసివారికి త్రాగించమని ఏ వైద్యుడూ దీనిని చూసి చెప్పడు. అందులో ఉండే క్రిములు ప్రాణము మీదికి తేగలవు.)

కొట్టములో ఏమున్నదో తెలుసుకొనుటకు అమెరికాలోని రెండు క్రైస్తవ శాఖలవారు ఉపకరించారు. ఇండియానా రాష్ట్రములోని ఆమిష్‌లు, దక్షిణ డకోటాలోని హట్టరైట్‌లు ఐరోపాలోని ఆల్ప్స్ ప్రాంతపు మూలములు కలవారు. ఇరువురి జన్యువులు చాలా దగ్గర. ఇరువురూ వ్యవసాయము చేస్తారు, టెలివిజను చూడరు, ఇండ్లు శుభ్రముగా ఉంచుకొంటారు. తేడా ఒకటే. ఆమిష్ రైతు ఇంటి ప్రక్కనే ఆవులను, గుర్రములను కట్టివేసుకొని పాతపద్ధతిలో సేద్యము చేస్తాడు. హట్టరైట్‌ల ఉమ్మడి క్షేత్రములు పెద్ద యంత్రములతో, నివాసములకు దూరముగా నడుస్తాయి. ఆమిష్ బడిపిల్లలలో ఉబ్బసము నూటికి 5, హట్టరైట్‌లలో 21. 2016లో వెలువడిన పరిశీలనలో ఆమిష్ ఇండ్ల దుమ్ములో, కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థము దాదాపు ఏడింతలు ఉన్నట్లు తేలినది. ఆ దుమ్మును చుంచుల ముక్కులో వేస్తే అవి ఉబ్బసము నుంచి తప్పించుకొన్నవి. హట్టరైట్‌ల దుమ్ము వేసినవి తప్పించుకోలేదు. బాక్టీరియాలను పసిగట్టే జన్యువులను తొలగించిన చుంచులకు ఆమిష్ దుమ్ము కూడా పనిచేయలేదు.

ఇక్కడ వంశము తిరిగి వేదిక మీదికి వస్తుంది. 2007లో మిరియం మొఫాట్, విలియం కుక్సన్, వారి సహచరులు చిన్ననాడే ఉబ్బసము వచ్చిన 994 మందిని, వ్యాధి లేని 1,243 మందిని పోల్చి, 17వ క్రోమోసోముపై ఒక భాగమును గుర్తించారు. 11వ క్రోమోసోము కథ వలె కాక, ఇది తరువాతి పరిశోధనలలో మళ్లీ మళ్లీ కనిపించినది. ఆ భాగపు ఒక రూపము ఉన్న పిల్లలకు ఉబ్బసపు భయము హెచ్చు. మరుసటి ఏడు ఫ్రాన్సులోని కుటుంబములను పరిశీలించినప్పుడు, ఆ రూపము చూపే కీడు పసితనములో పొగాకు పొగ పీల్చిన పిల్లలలో మరింత ఎక్కువైనదని తెలిసినది. 2013లో, మామూలు పడిశము తెచ్చే రైనోవైరస్ వలన పసితనములో పిల్లికూతలు వచ్చినవారిలోనే దాని ప్రభావము ముఖ్యముగా కనిపిస్తుందని మరొక పరిశోధన చూపినది.

2016లో ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు, ఫిన్లాండు పల్లెలలో పుట్టుక నుంచి గమనిస్తూ వచ్చిన పిల్లల వివరములు వెలువడినవి. పశువుల కొట్టములో తిరిగిన పసివారికి మొదటి ఏడాదిలో పిల్లికూతలు తక్కువగా వచ్చినవి. ఆ మేలు అందరికన్న ఎక్కువగా పొందినది 17వ క్రోమోసోముపై ఆ "చెడ్డ" రూపము ఉన్న పిల్లలే. పొగ నిండిన ఇంటిలో కీడు చేసే ఆ జన్యువే కొట్టములో బిడ్డకు మేలు చేసినది. "మీవాళ్లలో ఎవరికైనా ఉన్నదా?" అని కోడలిని అడిగే అత్తగారికి చెప్పవలసిన సమాధానము ఇదే కావచ్చును: ఉండవచ్చును, కాని అది ఏమి చేస్తుందో ఈ ఇంటి గాలి మీద కూడా ఆధారపడి ఉన్నది.

కొట్టపు దుమ్ములో ఎండోటాక్సిన్ ఒకటే ఉండదు. పశువుల నుంచి, గడ్డి నుంచి, మట్టి నుంచి వచ్చిన అనేక జాతుల సూక్ష్మజీవుల శకలములు అందులో కలసి ఉంటవి. వాటిలో ఏది ఎంత మోతాదులో, ఏ వయస్సున కావలెనో విడదీసి, పశువులు లేని ఇంటిలోని బిడ్డకు అపాయము లేకుండా అందించుట ఎట్లా అనేది నేటి పరిశోధకుల పని. బ్లాక్లీ గాలిపటములకు కట్టిన గాజుపలకల స్థానములో, నేడు పరుపుల మీది దుమ్మును పీల్చి సేకరించే గొట్టములు ఉన్నవి.